ఐదెకరాల వరికి సొంత గడ్డి బేలర్ కొనాలా? దానికోసం ట్రాక్టర్ కూడా మార్చాలా?

దివిసీమ రైతు:
అందరికీ నమస్కారం. మాది అవనిగడ్డ దగ్గర. ఐదెకరాల సొంత పొలం, సార్వాకి, అంటే వానాకాలం పంటకి వరి, తర్వాత మినుము. నాలుగు పాడి గేదెలు, రెండు పడ్డలు ఉన్నాయి. ట్రాక్టర్ పాతది, 42 హెచ్‌పి, డబుల్ క్లచ్, టూ వీల్ డ్రైవ్. కోత చైన్ మిషన్‌తోనే. మిషన్ వెళ్లిపోయాక గడ్డి వరుసల్లో పడి ఉంటుంది, దాన్ని కట్టలు కట్టించడానికి బేలర్ ఎప్పుడొస్తుందా అని రోడ్డు వైపు చూస్తూ కూర్చోవడమే మా పని. పోయిన సార్వాకి బేలర్ అతను రేపొస్తా ఎల్లుండొస్తా అని తిప్పాడు, ఈలోపు వాన పడి గడ్డి నల్లబడిపోయింది, వేసవంతా గడ్డి కొనే మేపాం.

ఇక సొంతంగా కొనేద్దామని షోరూమ్‌కి వెళ్తే, ఈ ట్రాక్టర్ పనికిరాదు, 50 పైన హెచ్‌పి ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుని దానికి స్క్వేర్ బేలర్ పెట్టుకోండి అంటున్నారు. రెండూ కలిపితే ఇరవై లక్షలు దాటేలా ఉంది. మినీ రౌండ్ బేలర్ ఒక్కటే అయితే మూడున్నర లక్షలు చెప్పారు. మా అన్నయ్య అసలు ఏదీ వద్దు, అద్దెకే కట్టిద్దాం అంటున్నాడు. నడిపినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

మిర్యాలగూడ వరి:
అన్నా, షోరూమ్ వాళ్లు చెప్పినదాంట్లో తప్పేం లేదు. మాది సాగర్ ఎడమ కాలువ కింద, వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరే. నేను 55 హెచ్‌పి ఫోర్ వీల్ మీద నడుపుతున్నా. వరుస లావుగా పడ్డచోట చిన్న బండి గుంజలేదు, ఇంజన్ పడిపోతుంది, గేరు తగ్గించుకుంటూ పోవాలి, దాంతో పొద్దుగూకుతుంది. పైగా ట్రాక్టర్ ఒక్క బేలర్ కోసమే కాదు గదా, కేజ్ వీల్స్‌తో దమ్ము చేయాలి, రోటవేటర్ కొట్టాలి, ధాన్యం తోలాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీదా బేలర్ల మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. తీసుకుంటే ఇప్పుడే పెద్దది తీసుకో, రెండేళ్ల తర్వాత మళ్లీ మార్చే బాధ ఉండదు.

తణుకు మెకానిక్:
మిర్యాలగూడ అన్నగారూ, మీ ఆయకట్టుకి మీ బండి సరే. అది పట్టుకుని ఆయన్ని ఇరవై లక్షల అప్పులోకి దింపకండి.

దివిసీమ గారూ, బేలర్‌కి కావలసింది బోనెట్ మీద రాసిన హెచ్‌పి కాదు, పీటీఓ దగ్గర, అంటే బండి వెనక మిషన్లని తిప్పే షాఫ్ట్ దగ్గర వచ్చేది. 42 హెచ్‌పి బండికి పీటీఓ దగ్గర 36, 38 వస్తుంది. మినీ రౌండ్ బేలర్లు 35 హెచ్‌పి ట్రాక్టర్ నుంచి నడుస్తాయి. మీ బండి ఇంజన్ బాగుంటే ఏ ఇబ్బందీ లేదు. స్క్వేర్ బేలర్ సంగతి వేరు. అందులో ప్లంజర్ నిమిషానికి 80, 90 సార్లు గడ్డిని కొడుతుంది, ఆ దెబ్బ ట్రాక్టర్ దాకా తెలుస్తుంది, దానికి బరువైన బండి, ఎక్కువ పవరు కావాల్సిందే. షోరూమ్‌లో ముందు స్క్వేర్ బేలర్ అంటగట్టి, తర్వాత దానికి సరిపోయే ట్రాక్టర్ చూపిస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మీ దగ్గరున్న అసలు లాభం డబుల్ క్లచ్. రౌండ్ బేలర్‌లో కట్ట నిండగానే బండి ఆపాలి, కానీ పీటీఓ తిరుగుతూనే ఉండాలి, అప్పుడే దారం చుట్టుకుంటుంది, తర్వాత వెనక తలుపు తీసి కట్టని వదలాలి. డబుల్ క్లచ్‌లో సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పీటీఓ ఆగదు. సింగిల్ క్లచ్ అయితే క్లచ్ తొక్కగానే రెండూ ఆగుతాయి, ప్రతి కట్టకీ న్యూట్రల్ చేసి మళ్లీ క్లచ్ వదలాలి, డ్రైవర్ కాలు పడిపోతుంది. కొత్తది కొనేవాళ్లు కూడా హెచ్‌పి అడిగే ముందు క్లచ్ ఏమిటి, పీటీఓకి వేరే లివర్ ఉందా, ఒకటో గేరులో పీటీఓ 540 ఆర్‌పీఎం తిరిగేటప్పుడు బండి ఎంత మెల్లగా నడుస్తుంది అన్నవి అడగాలి. షోరూమ్‌లో ఈ మూడూ అడిగేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

గుంటూరు పాడి:
ట్రాక్టర్ సంగతి తేలింది, డబ్బు సంగతి చూద్దాం. మా వైపు కట్టకి 30 తీసుకుంటున్నారు, ఎకరాకి 60 కట్టలు అనుకోండి. ఐదెకరాలకి 300 కట్టలు, 9,000 రూపాయలు. ఇంతే మీ ఏడాది ఖర్చు, ఎందుకంటే మీకు రెండో పంట వరి కాదు. మూడున్నర లక్షల మిషన్‌కి నాలుగేళ్లలో అప్పు తీర్చాలంటే అసలూ వడ్డీ కలిపి ఏడాదికి లక్ష పైనే అవుతుంది. 9,000 మిగుల్చుకోవడానికి లక్ష కడతారా?

ఊళ్లోవాళ్లకి అద్దెకి కడతానంటే అది వేరే వ్యాపారం. 30 రూపాయల్లో డీజిల్, దారం, డ్రైవర్, రిపేరు పోగా సగం మిగిలిందనుకుందాం, 15. లక్షా ఐదు వేలు రావాలంటే 7,000 కట్టలు కట్టాలి. అంటే 115 ఎకరాల పైమాట, అదీ మీ ఒక్క సార్వా కోతల్లోనే. మీ అన్నయ్యగారి మాట వినండి.

దివిసీమ రైతు:
గుంటూరు గారూ, లెక్క బాగా అర్థమైంది. కానీ అద్దె బేలర్ రాకపోతే ఆ 9,000 లెక్కే ఉండదు కదండీ, గడ్డి మొత్తం పోతుంది. పోయిన వేసవిలో నేను గడ్డికి పెట్టిన డబ్బు దానికి చాలా రెట్లు. మీ లెక్కలో అది కూడా వేయాలి.

నెల్లూరు బేలర్:
నేను రెండు మిషన్లు బాడుగకి తిప్పుతా, ఒకటి రౌండు, ఒకటి స్క్వేరు. మా పక్షం మాట కూడా వినండి. మేం కావాలని తిప్పము. పొద్దున మంచు ఆరేసరికి పది, పదకొండు అవుతుంది, సాయంత్రం మళ్లీ చెమ్మ దిగుతుంది, మధ్యలో ఉన్న ఐదారు గంటలే మాకు పని. ఆ గంటల్లో ఒకచోట ఇరవై ఎకరాలున్న రైతు పిలిస్తే, మూడు గట్లు దాటి ఐదెకరాలకి ఎవరు వస్తారు? మీ బాట పక్కన పదిమంది కలిసి, అంతా ఒకే చెక్కలో నలభై ఎకరాలు, కోత ఫలానా వారంలో అని ముందే చెప్పి అడ్వాన్స్ ఇస్తే ఏ మిషన్ అయినా వస్తుంది. మూడున్నర లక్షలు పెట్టే ముందు ఇది ఒక్కసారి చేసి చూడండి.

స్క్వేరు గురించి: గడ్డి అమ్ముకునేవాళ్లకి అదే మేలు. 36 సెంటీమీటర్ల ఎత్తు, 46 సెంటీమీటర్ల వెడల్పుతో ఇటుకల్లా వస్తాయి, లారీలో ఖాళీ లేకుండా సర్దొచ్చు. గుండ్రటి కట్టల మధ్య సందులే ఎక్కువ, అదే లారీలో తక్కువ బరువు పోతుంది. ఇంటి గేదెలకి అయితే రౌండు చాలు, ఆడవాళ్లు కూడా ఒక్కళ్లే దొర్లించుకుని పాకలోకి తెచ్చుకుంటారు.

కదిరి పాడి:
గడ్డి కొనే వాళ్ల తరఫున నాదొక మాట. మాకు వేరుశనగ కట్టె, జొన్న చొప్ప చాలని ఏడాది వరిగడ్డి లారీలే దిక్కు. వచ్చిన కట్ట పైకి పచ్చగా కనపడుతుంది, విప్పితే నడిమధ్యలో బూజు, ముక్కుకి కొట్టే వాసన, పశువు మూతి తిప్పేస్తుంది. తడి గడ్డిని తొందరపడి కట్టేస్తే జరిగేది ఇదే. చేత్తో మెలితిప్పితే పుల్ల పుటుక్కున విరగాలి, మెత్తగా మెలిక పడితే ఇంకా ఆరలేదని. తేమ 20 శాతం దాటితే కట్టకూడదు, వామిలో వేడెక్కుతుంది.

ఇంకొకటి, దయచేసి ప్లాస్టిక్ దారం వాడకండి. జనపదారం అయితే ముక్క గడ్డితోపాటు లోపలికి పోయినా పశువుకి నష్టం ఉండదు. ప్లాస్టిక్ కడుపులో అట్లే ఉండిపోతుంది. మా దగ్గర ఒక ఆవుకి పొట్ట కోసి ముద్దలు ముద్దలుగా తీశారు, అందులో సగం ఈ తాళ్లే. కట్టకి రూపాయో రెండో మిగులుతుందని ఈ పని చేయడం అన్యాయం.

మోపిదేవి మినుము:
ఇంతమంది ఇన్ని చెప్పారు, మినుము మాట ఒక్కరూ ఎత్తలేదు. దివిసీమ తమ్ముడూ, నీ పొలంలో అసలు చిక్కు అదే కదా. మనం కోతకి ఒకటి రెండు రోజుల ముందు వరిలోనే మినుము చల్లేస్తాం. కోత అయ్యాక పదునుకి మొలక లేస్తుంది. మొలక లేచాక ట్రాక్టర్ దిగితే చక్రాల జాడలో ఒక్క మొక్క మిగలదు. గడ్డి తీయకపోతే వరుస కింద మొలక ఊపిరాడక పసుపుబారి పోతుంది. అంటే గడ్డి ఆరడానికీ, మినుము మొలవడానికీ మధ్య నీకున్నది మూడు నాలుగు రోజులు. ఆ మూడు నాలుగు రోజుల్లోనే బేలర్ నీ చేలో ఉండాలి. నెల్లూరు ఆయన చెప్పిన నలభై ఎకరాల వంతులో నీది ఆఖరిదైతే నీ మినుము పోయినట్టే.

అందుకే పెద్ద బండి మనకి అస్సలు వద్దు. సార్వా కోతకి మన నల్లరేగడి ఇంకా మెత్తగానే ఉంటుంది. 55 హెచ్‌పి ఫోర్ వీల్, దాని వెనక టన్ను పైన బరువున్న స్క్వేర్ బేలర్ దిగితే వెళ్లినమేరా గాడి పడుతుంది, ఆ గాడిలో నీళ్లు నిలుస్తాయి. నీ పాత 42, వెనక మినీ రౌండు, ఇవే మన నేలకి సరైన బరువు. గట్టు పక్క వాళ్లం నలుగురం కలిసి ఒకటి కొనుక్కుంటే ఇరవై పాతిక ఎకరాలు మనవే అవుతాయి. లాభం రాకపోవచ్చు, గుంటూరు గారి లెక్క తప్పు అనను. నలుగురికీ గడ్డి దక్కుతుంది, మినుము దక్కుతుంది, నాకు అది చాలు.

మిర్యాలగూడ వరి:
మినుము సంగతి మాకు లేదు, అందుకే తట్టలేదు. ఆ లెక్కన తేలిక బండే మీకు కరెక్ట్. అయినా నలుగురు కలిసి కొన్న మిషన్ మూడో ఏడు దాకా కలిసి ఉండదన్నా, మా ఊళ్ల చూసిన. ఎవరి పొలం ముందు అన్న దగ్గరే మొదలైతది. కొనకముందే కాయితం మీద రాసుకోండి: వంతు కోత తేదీని బట్టా, వాటాని బట్టా, బేరింగ్ పోతే ఎవరు పెట్టాలి, డ్రైవర్ ఎవరు.

ఇంకా ఒకటి, గడ్డంతా తీసుకుపోతే పొలానికి ఏం మిగులుతది? టన్ను గడ్డితో 15 కిలోల పైనే పొటాషియం పోతది. నేను ఒక ఏడు కట్టి, ఒక ఏడు గడ్డిని పొలంలోనే కలియదున్నుతా.

గుంటూరు పాడి:
పొటాష్ మాట నిజమే. ఇంట్లో గేదెలు ఉన్నవాళ్లు పేడ ఎరువు మళ్లీ ఆ పొలానికే తోలితే చాలావరకు తిరిగి వస్తుంది, గడ్డి అమ్మేవాళ్లకే ఆ నష్టం. మినుము విన్నాక నా మాట కొంచెం సవరిస్తా: ఒక్కరే కొంటే ఇప్పటికీ వద్దనే అంటా, నలుగురైతే మనిషికి 87 వేల చిల్లర, అది ఒక మంచి గేదె ధర. అప్పు లేకుండా పెట్టగలిగితే పెట్టండి. అప్పు చేయాలంటే మాత్రం ముందు నెల్లూరు ఆయన చెప్పిన అడ్వాన్స్ పద్ధతి ఒక పంటకి చూడండి.

తణుకు మెకానిక్:
కొనేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. కోతమిషన్ డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి. డీజిల్ కలిసొస్తుందని ఎత్తులో కోసి పోతే అడుగు పొడవు కొయ్యకాళ్లు మిగిలిపోతాయి, బేలర్ విడి గడ్డినే ఎత్తుతుంది, కొయ్యకాళ్లని కోయదు. వెనక గడ్డిని ముక్కలు చేసే చాపర్ ఉన్న మిషన్ అయితే అసలు పిలవకండి, కట్టడానికి ఏమీ మిగలదు. మిషన్ ఎంత కిందికి కోసి, ఎంత చక్కగా వరుస వేస్తే మీ కట్టలు అంత పెరుగుతాయి.

ఇంకొకటి, ఇది నవ్వులాట కాదు. గడ్డి ముందు పళ్ల దగ్గర చుట్టుకుపోయినప్పుడు పీటీఓ ఆపకుండా చేత్తో లాగుతారు. అది చేతిని లాక్కునే వేగం మనిషి వెనక్కి తగ్గే వేగం కంటే ఎక్కువ. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ గొట్టం పగిలిందని తీసి పారేస్తారు, లుంగీ కొంగో తువ్వాలో తగిలితే ఇక ఆగదు. బండి ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. డ్రైవర్‌గా ఎవర్ని పెట్టినా ఈ ఒక్కటీ వినకపోతే మిషన్ ఇవ్వకండి.

దివిసీమ రైతు:
అందరికీ చాలా థ్యాంక్స్. ట్రాక్టర్ మార్చడం లేదు, స్క్వేర్ బేలర్ ఆలోచన మానేశాం. మోపిదేవి అన్నా, నీకు ఫోన్ చేస్తా, మా గట్టు పక్క ఇద్దరు సరే అన్నారు, నువ్వూ కలిస్తే నలుగురం అవుతాం. వంతు కోత తేదీని బట్టే అని రాసుకుందాం, మినుము ముందు చల్లినవాళ్లకి ముందు. అన్నయ్య కూడా అప్పు లేకపోతే అభ్యంతరం లేదన్నాడు. మెకానిక్ గారూ, ఒక్క సందేహం: మా దగ్గర రోటవేటర్‌ది పాత పీటీఓ షాఫ్ట్ ఉంది, బేలర్‌కి అదే వాడుకోవచ్చా?

తణుకు మెకానిక్:
వద్దండి. బేలర్‌తో వచ్చే షాఫ్ట్‌కి లోడు ఎక్కువైతే ముందు తెగిపోయే షియర్ బోల్ట్ ఉంటుంది, అది తెగితేనే గేర్‌బాక్స్ బతుకుతుంది. దాని బదులు గట్టి బోల్ట్ ఎక్కించకండి, అవే బోల్ట్‌లు ఒక గుప్పెడు టూల్‌బాక్స్‌లో పెట్టుకోండి. పొడవు మాత్రం మీ బండికి బేలర్ తగిలించాకే కొలవాలి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, తర్వాత రెండో పక్కకి తిప్పి చూడండి. ఎక్కడా షాఫ్ట్‌లో ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాలూ చివరి దాకా గుద్దుకోకూడదు, విడిపోయేంత బయటికీ రాకూడదు. ఎక్కువైతే రెండు గొట్టాల నుంచీ సమానంగా కోయించండి. డెలివరీ రోజున మెకానిక్‌ని అక్కడే ఉంచుకుని ఈ పని చేయించాకే మిగతా డబ్బు ఇవ్వండి.