ఎఫ్ఐఆర్ కొట్టివేతకు వేసిన రిట్ ఓడిపోతే ధర్మాసనానికి అప్పీలు ఉంటుందా?

కావలి వాసి: రొయ్యల మేత బాకీ గొడవ మా బావమరిది మీద చీటింగ్ కేసు అయింది. ఎఫ్ఐఆర్ కొట్టివేయమని మన హైకోర్టులో రిట్ వేస్తే సింగిల్ జడ్జి తోసిపుచ్చారు. ఒక వకీలు రిట్ అప్పీలు వేద్దామంటున్నారు, మరొకరు సుప్రీంకోర్టే దిక్కంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఒంగోలు న్యాయవాది: రెండో ఆయన మాట. సింగిల్ జడ్జి తీర్పుపై అదే కోర్టులో ఇద్దరు జడ్జీల ధర్మాసనానికి వెళ్లే హక్కు మనకు మద్రాసు హైకోర్టు నుంచి వచ్చిన లెటర్స్ పేటెంట్ (హైకోర్టు అధికారాలు చెప్పే పాత రాజపత్రం) 15వ క్లాజులో ఉంది. క్రిమినల్ అధికార పరిధిలో ఇచ్చిన తీర్పులను మినహాయించిందీ ఆ క్లాజే.

నెల్లూరు జూనియర్: ఒప్పుకోలేను సార్. హైకోర్టు రిట్లు వినే 226వ అధికరణం రాజ్యాంగం ఇచ్చిన అధికారం. ఎఫ్ఐఆర్ ప్రస్తావన వచ్చినంత మాత్రాన అది క్రిమినల్ పరిధి అయిపోతుందా? ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచి అప్పీలు ఉంటుందనే తేల్చింది కదా!

ఒంగోలు న్యాయవాది: ఆ తీర్పు ఇక నిలవదు తమ్ముడూ. 2017లో రామ్ కిషన్ ఫౌజీ కేసులో సుప్రీంకోర్టు మన ఫుల్ బెంచి అభిప్రాయం సరికాదని స్పష్టంగా చెప్పింది. అది హర్యానా లోకాయుక్త సిఫారసు నుంచి పుట్టిన వ్యవహారం. పిటిషన్‌కు పెట్టిన పేరు కాదు, ఏ రంగంలో ఆ అధికారాన్ని వాడారు, ఏ ఊరట అడిగారు అన్నదే గీటురాయి. ఒకే ఎఫ్ఐఆర్‌లో ఏ1 (మొదటి నిందితుడు) క్వాష్ (కొట్టివేత) పిటిషన్ వేశాడు, ఏ2 రిట్ వేశాడు, ఇద్దరూ ఓడిపోయారు అనుకోండి. పాత సీఆర్‌పీసీ 482, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 528 సెక్షన్ కింద వెళ్లిన ఏ1కు అప్పీలు లేదు. అదే కోరికతో వచ్చిన ఏ2కు మాత్రం ఎందుకుండాలి?

నెల్లూరు జూనియర్: తర్కానికి ఎదురు చెప్పను. కానీ ఇంక్రిమెంటు కోసం రిట్ వేసి ఓడిన ఉద్యోగి అదే ప్రాంగణంలో ఇద్దరు జడ్జీల ముందుకు వెళ్లగలడు. అరెస్టు భయంతో నిద్రపట్టనివాడు ఢిల్లీ దాకా పోవాలి. పోయినా 136వ అధికరణం కింద అతనికి అప్పీలు హక్కు లేదు, కోర్టు అనుమతిస్తేనే ఉంటుంది. స్వేచ్ఛకు సంబంధించిన చోటే ఒక మెట్టు తగ్గించడం అన్యాయం. చట్టసభ సరిదిద్దాలి.

ఒంగోలు న్యాయవాది: ఆ బాధ నిజమే. అయితే ఈ తలుపు ఇద్దరికీ మూసే ఉంది. కావలి వారు గెలిచి ఉంటే ప్రభుత్వం కూడా ధర్మాసనానికి వెళ్లలేకపోయేది. ఎఫ్ఐఆర్ కొట్టివేయించుకున్న రైతుకు అది చిన్న రక్ష కాదు.

కనిగిరి నుంచి: రౌడీషీట్ తీసేయమని, పొలం తగాదాలో పోలీసులు తలదూర్చవద్దని వేసే రిట్లకూ ఇదేనా?

ఒంగోలు న్యాయవాది: అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. పిటిషన్ చివర కోరిక పేరా చదవాలి. కేసు నమోదునో దర్యాప్తునో ఆపమంటే క్రిమినల్ కిందే లెక్క. పొలం గట్టు దగ్గరికి ఎస్ఐ రాకూడదని మాత్రమే అడిగితే వాదించడానికి చోటుంది.

నెల్లూరు జూనియర్: ఆ చోటు కోసమే నా పోరాటం సార్. కావలి వారికి మాత్రం నేనూ సుప్రీంకోర్టే చెబుతాను. ఆ 136 కింద అనుమతి కోరుతూ వేసే స్పెషల్ లీవ్ పిటిషన్‌కు మామూలు గడువు 90 రోజులు. ఇక్కడ అప్పీలు వేసి, అసలు ఆ అప్పీలు చెల్లుతుందా అని కోర్టు రిజిస్ట్రీ (కార్యాలయం) పెట్టే అభ్యంతరాలకు జవాబులు రాస్తూ కూర్చుంటే ఆ రోజులన్నీ కరిగిపోతాయి. తీర్పు సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టండి.