అప్‌డేట్: తలకోనకి ట్రైపాడ్ ఏది కొన్నానంటే

జలపాతాల లాంగ్ ఎక్స్‌పోజర్‌కి (షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీసే ఫోటోలకి) ట్రైపాడ్, అంటే కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, కార్బన్ ఫైబర్‌ది కొనాలా, అల్యూమినియంది కొనాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. కార్బన్ కొన్నాను.

అల్యూమినియం ఘనపు సెంటీమీటరుకు 2.7 గ్రాములైతే ఇది దాదాపు 1.6. కానీ ఆ తేడా కాళ్ల గొట్టాలకే. కెమెరా బిగించే హెడ్డూ జాయింట్లూ దీనికీ లోహమే కాబట్టి షాపులో చేత్తో పట్టుకుంటే పెద్ద తేడా తెలియలేదు. తలకోనలో రాళ్లెక్కేటప్పుడు భుజానికి తెలిసింది!

తేలికైనదానికి తిప్పలూ ఉన్నాయి. కాలు నీళ్లలో పెడితే ప్రవాహానికి వణుకుతుంది. సెంటర్ కాలమ్ (మధ్య కడ్డీ) ఎత్తకుండా, కింద కొక్కేనికి బ్యాగు తగిలించి, దాని అడుగు రాయికి ఆనేలా చూసుకున్నాను. గాల్లో వేలాడితే అదే ఊగి ఫోటో చెడగొడుతుంది. బటన్ నొక్కిన కుదుపు తగలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టాక రాళ్ల మీద నాచు కూడా షార్ప్‌గా వచ్చింది.

ఇంటికొచ్చి కాళ్ల పొడవు సరిచేసి తిప్పి బిగించే ట్విస్ట్ లాకులు విప్పితే నిండా ఇసుక. కడిగి ఆరబెట్టాను.

మా బావ తిరుపతిలో పెళ్లిళ్లకి అల్యూమినియమే వాడతాడు. "కారు దిగి మండపంలోకెళ్లేదానికి అంత డబ్బెందుకురా" అంటాడు. న్యాయమే. పైగా గట్టి దెబ్బ తగిలితే అల్యూమినియం సొట్టపోతుంది, కార్బన్ చిట్లుతుంది.

హెడ్ ఏది వాడానని మీలో కొందరు అడిగారు కదా, పాతదే బిగించాను.