ఉపగ్రహం ఉండగా ఓడ ఖర్చు ఎందుకు?

వేళచ్చేరి రవి:
చెన్నైలో సముద్రం మీద పనిచేసే మనవాళ్లని అడుగుతున్నా. 2022 నవంబరులో సముద్రాన్ని గమనించే ఇస్రో ఉపగ్రహం, మూడో ఓషన్‌శాట్ ఎగిరింది. రెండు రోజులకోసారి బంగాళాఖాతమంతా చుట్టేసి, నీటి రంగుని బట్టి వృక్షప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మ మొక్కలు) ఎక్కడెంత ఉన్నాయో మ్యాపు ఇస్తోంది. ఇంకా ఓడల్లో డీజిలు తగలేసి సీసాలతో నీళ్లు తోడటం దేనికి?

పళ్లికరణై పద్మ:
రవి గారూ, వానలు పడ్డాక మన కూవం నది సముద్రంలో కలిసేచోట ఆ మ్యాపు చూడండి. కుళ్లిన ఆకుల నుంచి దిగిన పసుపు రంగు నీలి కాంతిని మింగేస్తుంది, బురద తోడవుతుంది. మ్యాపు వేసే సూత్రమేమో పత్రహరితమే నీలాన్ని మింగుతుందనుకుని నీలం, ఆకుపచ్చల నిష్పత్తి మీద నడుస్తుంది. దాంతో లేని పత్రహరితం ఉన్నట్టు చూపిస్తుంది. పైగా ఉపగ్రహానికి అందే వెలుగులో దాదాపు 90 శాతం గాలి చెదరగొట్టిందే. అది తీసేస్తే మిగిలేదే సముద్రానిది.

ఓడలో నీళ్లని గాజునార కాగితం మీద వడకడతాం. రూపాయి బిళ్లంత గోధుమపచ్చ మరక మిగులుతుంది. దాన్ని ద్రవ నైట్రోజన్‌లో దాచి, తర్వాత అసిటోన్‌లో నానబెట్టి కొలుస్తాం. మ్యాపు నిజమో కాదో తేల్చేది ఆ మరకే.

వేళచ్చేరి రవి:
ఒప్పుకుంటా మేడం, కానీ మీ మరక ఒక్క చుక్క నీటి సంగతే. ఓడ నీళ్లు తోడే తర్వాతి చోటికి చేరేలోపు ఇక్కడి ప్లవకాలు కొట్టుకుపోతాయి. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హైదరాబాద్ నుంచి చేపలు దొరికేచోట్లు చెప్పేది ఉపగ్రహ మ్యాపులు చూసే కదా!

అడయారు కుర్రాడు:
ఇద్దరూ విమానాన్ని వదిలేశారు. 2024 సెప్టెంబరులో నాసా వాళ్లు సముద్రపు రంగు చూసే తమ పేస్ ఉపగ్రహాన్ని సరిచూడటానికి కాలిఫోర్నియా దగ్గర ఈఆర్-2 విమానాన్ని సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున, ట్విన్ ఆటర్ అనే చిన్న విమానాన్ని కింద ఎగరేశారు. సముద్రంలో ఓడ కూడా ఉంది. మబ్బు పడితే ఉపగ్రహానికి నీళ్లు కనపడవు, మబ్బుల కింద ఎగిరే విమానం మన వానాకాలానికి పనికొస్తుంది.

పళ్లికరణై పద్మ:
వస్తుంది తమ్ముడూ, ఖర్చు కూడా అలాగే వస్తుంది. అయినా మన బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైన పరుచుకుని కింది పోషకాలని పైకి రానివ్వదు. చాలాచోట్ల పచ్చదనమంతా పదుల మీటర్ల లోతునే. అక్కడికి సీసా దించాల్సిందే.

2019 ఆగస్టులో రాత్రిపూట తిరువాన్మియూరు అలలు నీలంగా మెరిశాయి, గుర్తుందా? అది నాక్టిల్యూకా అనే ఏకకణ ప్లవకం. అందులో ఎర్ర రకానికి సొంత పత్రహరితమే ఉండదు, మిగతా ప్లవకాల్ని తిని బతుకుతుంది. అలాంటిదాన్ని పేరుపెట్టి చెప్పాలంటే మైక్రోస్కోపు కింద పెట్టాలి.

వేళచ్చేరి రవి:
మరి రేవుకొచ్చే కంటైనర్ ఓడలకే సెన్సర్లు తగిలించొచ్చుగా?

పళ్లికరణై పద్మ:
తగిలించండి. కానీ నీటి వెలుగు కొలవాలంటే సూర్యుడి దిక్కు నుంచి 135 డిగ్రీలు తిరిగి, ఓడ నీడ, నురగ పడని చోటు చూసుకోవాలి. సరుకు దించే తొందరలో ఉన్న కెప్టెన్ మన కోసం ఓడ తిప్పుతాడా?