స్కీము క్లెయిముల మీద ఎంక్వైరీ వచ్చింది, ఖాళీగా ఉన్న కేస్ షీట్లు ఇప్పుడు పూరించొచ్చా?

నాగావళి_ఒడ్డు (రాయగడ):

అందరికీ నమస్కారం. మాది రాయగడలో 20 పడకల నర్సింగ్ హోమ్. అన్నయ్య జనరల్ సర్జన్, వదిన కాన్పులు చూస్తారు, ఆఫీసు పని, బిల్లులు, స్కీము క్లెయిములు నేను చూసుకుంటాను. పోయిన వారం స్కీము వాళ్ల ఆడిట్ టీమ్ చెప్పకుండా వచ్చి 38 కేస్ షీట్లు అడిగి చూసింది. కొన్ని పాత బీజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన (ఒడిశా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కింద చేసినవి, కొన్ని 2025లో ఆయుష్మాన్ భారత్ ఒడిశాకి వచ్చాక చేసినవి. నిన్న షోకాజ్ నోటీసు అందింది. 7 రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే స్కీము నుంచి తీసేస్తాం అని రాశారు.

నోటీసులో మూడు విషయాలున్నాయి. ఒకటి, పేర్లు కలవడం లేదు కాబట్టి లేని పేషెంట్లకు బిల్లు వేశామని. మా కేస్ షీట్లో మనవాళ్ల పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి వెంకటలక్ష్మి అని రాస్తాం, కార్డులో ఒడియా వాళ్లు పలికినట్టు బెంకట లక్ష్మి అని ఉండి ఇంటిపేరు చివరికి పోతుంది, ఆధార్‌లో ఇంకో రకం. ఒకే మనిషి కాగితం మీద ముగ్గురైపోయింది. రెండోది, 11 మంది పేషెంట్లకు ఒకే ఫోన్ నంబరు ఉందని. కొండ మీద ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి ఫోన్ ఉండదు, మా రిసెప్షన్ అబ్బాయి తన నంబరే కొట్టేశాడు. మూడోదే నాకు నిద్ర లేకుండా చేస్తోంది. నాలుగు కేస్ షీట్లలో రెండు రోజుల నర్సింగ్ నోట్స్ ఖాళీగా ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఇద్దరు సిస్టర్లు సెలవు, ఉన్న ఒక్కామె 14 మందిని చూసుకుంది, మందులన్నీ ఇచ్చింది, రాయడానికి మాత్రం టైము దొరకలేదు.

తెలిసిన అకౌంటెంట్ ఒకాయన, ఒరిజినల్స్ నీ దగ్గరే ఉన్నాయి కదా, ఆ అమ్మాయి చేత బీపీ, పల్స్ రాయించి సంతకం పెట్టించెయ్, అదే నీలం పెన్ను వాడు అంటున్నాడు. ఆడిట్ వాళ్లు ఫోటోలు తీశారో లేదో ఆ కంగారులో నేను చూసుకోలేదు. దీనికి తోడు ఎవరో పోలీసు కంప్లయింట్ కూడా ఇచ్చారట, గురువారం స్టేషన్‌కి రమ్మని సిస్టర్‌కి ఫోన్ వచ్చింది. పాపం ఆమె రాత్రంతా ఏడుస్తూనే ఉంది. మేం చేసిన వైద్యం నిజం, పేషెంట్లు నిజం. ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం_ప్లీడరు:

ముందు ఆ పెన్ను కింద పెట్టండి బాబూ. 22 ఏళ్లుగా బరంపురంలో ప్రాక్టీసు చేస్తున్నాను, గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి ఇలాంటి ఫైళ్లు చాలా వచ్చాయి. నోట్స్ ఖాళీగా ఉన్న కేసులో ఆ రోజు ఒక్కతే సిస్టర్ ఉంది, రాయలేకపోయింది అని నిలబడి చెప్పగలను. ఆడిట్ తర్వాత రాసిన నోట్స్ ఉన్న కేసులో నాకు చెప్పడానికి ఏమీ మిగలదు. వాళ్ల దగ్గర ఫోటో ఉంటే, ఉందనే అనుకోండి, ఖాళీ పేజీ ఒకటి, నిండిన పేజీ ఒకటి పక్కపక్కన పెడతారు. అప్పటిదాకా క్లెయిము గొడవగా ఉన్నది ఫోర్జరీ, దొంగ సాక్ష్యం సృష్టించడం అవుతుంది. అది కూడా సంతకం పెట్టిన ఆ సిస్టర్ మెడకే ముందు చుట్టుకుంటుంది. ఆమెకి జ్ఞాపకం ఉన్నది రాయాలంటే వేరే కాగితం మీద ఈరోజు తేదీ వేసి, ఫలానా రోజు జరిగినది ఇప్పుడు గుర్తు చేసుకుని రాస్తున్నాను అని పైన స్పష్టంగా రాయాలి. పాత షీట్ మీద చుక్క కూడా పడకూడదు.

రెండో పని, ఈ రాత్రే ఏ కాగితమూ, ఏ మెసేజీ చెరపొద్దని స్టాఫ్ అందరికీ రాతపూర్వకంగా చెప్పండి, వాట్సాప్ గ్రూపు కూడా అందులోకి వస్తుంది. సీసీ కెమెరా డీవీఆర్ ఉంటే పాతది తుడిచేసి దాని మీదే రికార్డు చేస్తుంటుంది, ఆ హార్డ్ డిస్క్ తీసి పక్కన పెట్టించండి. తర్వాత కోర్టులో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్ అడుగుతారు, కాబట్టి ఎవరు తీశారు, ఏ టైముకి తీశారు రాసుకోండి. 38 కేస్ షీట్లకీ పేజీ నంబర్లు పెన్సిల్‌తో వేసి స్కాన్ చేయించండి. ఒరిజినల్స్ ఇవ్వాల్సి వస్తే జాబితా రాసి, తీసుకున్నవాళ్ల సంతకం లేకుండా ఒక్క పేజీ కూడా చెయ్యి దాటనివ్వకండి.

స్కీము నోటీసు వేరు, పోలీసు పిలుపు వేరు, రెండింటినీ ఒకటే చేసుకోకండి. స్కీము వాళ్లకి జవాబు వాళ్లు అడిగిన ప్రశ్నకే, కాగితాలు జతచేసి ఇవ్వాలి. వాళ్లు ఆడిట్ చేసిన జాబితా, ఏ క్లెయిముకి ఏ అభ్యంతరమో వివరాలు ఇమ్మని, గడువు పెంచమని రేపే ఉత్తరం పెట్టండి. పోలీసుల సంగతి ఏమంటే, 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ బదులు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) నడుస్తోంది. అందులో 179 కింద సాక్షిగా పిలిస్తే ఆడమనిషిని ఆమె ఉన్న చోటే అడగాలి తప్ప స్టేషన్‌కి రమ్మనకూడదు. అదే 35(3) నోటీసు అయితే నిందితురాలిగా చూస్తున్నారని అర్థం, దానికి హాజరు కావాల్సిందే, లాయర్‌తో ముందే మాట్లాడి వెళ్లాలి. అందుకే నోటి మాట పిలుపు కాదు, ఏ సెక్షనో రాతలో ఇమ్మని మర్యాదగా అడగండి. విచారణలో పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టించకూడదని చట్టంలోనే ఉంది, 181 సెక్షన్. ఆమెకి ఒడియా చదవడం రాకపోతే ఆ మాట ముందే చెప్పాలి.

కాశీబుగ్గ_మిత్రుడు:

లాయర్లు, ఉత్తరాలు అంటే ఏడాది పడుతుంది అన్నా. మా బంధువు ఒకాయనకి ఇలాగే వస్తే మధ్యలో మనిషిని పెట్టి మాట్లాడుకున్నారు, ఫైలు ఆగిపోయింది. మీరూ అదే చూడండి.

బరంపురం_ప్లీడరు:

తమ్ముడూ, నీ ఉద్దేశం మంచిదే కానీ ఈ సలహా ఇక్కడ ఎవరూ పట్టుకోకూడదు. 2018లో అవినీతి నిరోధక చట్టం మారాక లంచం ఇచ్చినవాడు కూడా నేరస్తుడే, 7 ఏళ్ల దాకా జైలు. ఎవరైనా బలవంతంగా గుంజితే 7 రోజుల్లో అధికారులకు చెప్పిన వాడికే రక్షణ. రాయగడ అన్న దగ్గర ఇప్పుడు నిజమైన వైద్యం, నిజమైన పేషెంట్లు ఉన్నారు. డబ్బు చేతులు మారిన మర్నాడు అవేవీ ఎవరూ నమ్మరు.

పైడిభీమవరం_క్యూఏ:

నాది పూర్తిగా వేరే రంగం, మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను, అయినా మీ అకౌంటెంట్ మాట చదివాక ఉండబట్టలేక రాస్తున్నాను. మా సరుకు అమెరికా వెళ్తుంది కాబట్టి ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) వాళ్లు తనిఖీకి వస్తారు. వెళ్లేటప్పుడు 483 అనే కాగితం మీద లోపాలు రాసిస్తారు, 15 పనిదినాల్లో జవాబు చేరాలి. మాకు ట్రైనింగ్‌లో మొదటి రోజు చెప్పేది ఇదే, రీడింగ్ రాయడం మర్చిపోతే మర్చిపోయామని రాయాలి, తర్వాత ఊహించి నింపితే ఉద్యోగం పోతుంది. 2013లో ర్యాన్‌బాక్సీ అనే మందుల కంపెనీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది, ఆ కేసులో ఎఫ్‌డీఏకి తప్పుడు సమాచారం ఇచ్చారన్నది పెద్ద అంశం. బయటపెట్టింది బయటివాడు కాదు, లోపల డైరెక్టర్‌గా పనిచేసిన దినేశ్ ఠాకూర్. అక్కడ 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ అని ఉంది, ప్రభుత్వానికి దొంగ బిల్లు వేస్తే నష్టానికి మూడింతలు కట్టిస్తారు, సమాచారం ఇచ్చిన మనిషికి అందులో వాటా ఇస్తారు. అక్కడి ఆసుపత్రులు కూడా ఎక్కువగా దీని కిందే ఇరుక్కుంటాయి.

మన దగ్గర కూడా ఆడిట్ వాళ్లకి ఫోన్ నంబర్ల మీద అంత అనుమానం ఊరికే రాలేదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ రిపోర్టులో ఆయుష్మాన్ లబ్ధిదారులు దాదాపు 7.5 లక్షల మందికి 9999999999 అనే ఒకే నంబరు కట్టి ఉందని తేలింది. అప్పటి నుంచి ఒకే నంబరు మళ్లీ మళ్లీ కనిపిస్తే ఫైలు తీస్తారు. మీ 11 మందీ ఏ ఊరివాళ్లో, అడ్మిషన్ రిజిస్టర్‌లో వేలిముద్ర ఉందా, ఆశా కార్యకర్త ఎవరు తీసుకొచ్చారో రాసి పెట్టండి, నంబరు రిసెప్షన్ అబ్బాయిదేనని మీరే ముందు చెప్పేయండి.

ఇంకో మాట సిస్టర్ గురించి. బయటి నుంచి లాయర్లు వచ్చి మమ్మల్ని అడిగేటప్పుడు ముందుగా ఒక మాట చదివి వినిపిస్తారు, మేం కంపెనీ లాయర్లం, నీ లాయర్లం కాదు, నువ్వు చెప్పినది బయట పెట్టాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం అని. 1981లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన అప్‌జాన్ కేసు నుంచి వచ్చిన అలవాటు అది. మీరు పెట్టుకునే ప్లీడరు నర్సింగ్ హోమ్ తరఫున ఉంటారు. ఆ అమ్మాయికి ఆ తేడా ఎవరైనా చెప్పారా?

గుణుపురం_సిస్టర్:

నేను చెప్పాలనుకున్నది క్యూఏ అక్క చెప్పేసింది. నేను 16 ఏళ్లుగా వార్డులో ఉన్నాను, ఒకసారి నేనూ ఇలాగే పిలుపందుకున్నాను. నా చేతిలో రెండు పేజీల ఒడియా కాగితం పెట్టి కింద సంతకం అన్నారు. ఒడియా మాట్లాడతాను, గుండ్రంగా ఉండే ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను గానీ చేతిరాత చదవలేను. మా మేనేజ్‌మెంట్ మనిషి పక్కనే నిలబడి, పెట్టెయ్యమ్మా ఏం కాదు అన్నాడు. పెట్టాను. ఆర్నెల్ల తర్వాత తెలిసింది, రాత్రి డ్యూటీలో మందు ఆలస్యమైతే బాధ్యత నాదేనని అందులో ఉంది. దాని నుంచి బయటపడడానికి నాకు రెండేళ్లు పట్టింది. కాబట్టి అన్నా, ఆ అమ్మాయికి వేరే లాయర్‌ని పెట్టించండి, ఫీజు మీరు కట్టినా సరే, ఆ లాయర్ ఆమె మాటే వినాలి. మీ తప్పు ఆమె మీద తోయడం లేదని మీ అన్నయ్య గారి నోటితో ఆమెకి చెప్పించండి. ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి.

నోట్స్ లేకపోతే ఆ రెండు రోజులూ ఏమీ జరగనట్టు కాదు. మందులు వార్డుకి ఎలా వచ్చాయి? ఫార్మసీ ఇండెంట్ పుస్తకం (వార్డుకి కావాల్సిన మందులు రాసిచ్చేది) చూడండి. ల్యాబ్ రిజిస్టర్, డైట్ చీటీలు, ఆ పూట డ్యూటీ రోస్టర్, సెలవు చీటీలు, ఆక్సిజన్ సిలిండర్ మార్చిన లెక్క, ఇవన్నీ వేరే వేరే చేతులతో ఆ రోజే రాసినవి. వాటిని ఎవరూ దిద్దలేదు కదా?

నాగావళి_ఒడ్డు (రాయగడ):

అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రి ప్లీడరు గారి మాట చదివాక కేస్ షీట్లు బీరువాలో పెట్టి తాళం అన్నయ్యకి ఇచ్చాను, అకౌంటెంట్‌కి ఫోన్ చేసి ఆ పని చెయ్యబోమని చెప్పేశాను. గడువు కోసం ఉత్తరం ఇప్పుడే పోస్టు చేసి, ఈ-మెయిల్ కూడా పెట్టాను. పోలీసులు 179 కిందే పిలిచారట, రాతలో అడిగితే మా సిస్టర్ ఇంటికే వస్తామన్నారు. ఆమెకి పర్లాకిమిడిలో వేరే లాయర్ దొరికారు.

సిస్టరమ్మా, మీరు చెప్పినట్టే ఫార్మసీ ఇండెంట్ పుస్తకం వెతికాను. స్టోర్ రూమ్‌లో సెలైన్ పెట్టెల కింద దొరికింది. ఆ రెండు తేదీల్లోనూ నలుగురు పేషెంట్ల మంచం నంబర్లతో సహా ఇంజెక్షన్లు తీసుకున్నట్టు కార్బన్ కాపీలు ఉన్నాయి, తెల్లవారుజామున 4 గంటలకి కూడా ఒకటుంది, కింద ఆ అమ్మాయి వంకర సంతకం. మూడు మంచాలకి లెక్క సరిగ్గా సరిపోయింది. నాలుగో పేషెంట్‌కి మాత్రం ఒక డోసు తక్కువ కనిపిస్తోంది, మేం బిల్లు వేసింది మొత్తానికి. ఆ ఒక్క డోసు డబ్బు వెనక్కి కడతామని జవాబులోనే రాయొచ్చా ప్లీడరు గారూ?

బరంపురం_ప్లీడరు:

రాయొచ్చు, రాయాలి కూడా, కానీ ఏ మాటల్లో రాయాలో నేను చూశాకే. ఆ పుస్తకం మీద ఏమీ గీయకండి, చెయ్యి పడకుండా కవర్లో పెట్టి సోమవారం మీ అన్నయ్యతో కలిసి బరంపురం తీసుకురండి. పేర్ల జాబితా కూడా కావాలి, కార్డులో ఉన్నట్టు, ఆధార్‌లో ఉన్నట్టు, మీ రిజిస్టర్‌లో ఉన్నట్టు మూడు గళ్లలో.