చెన్నై మొదటిసారి వస్తున్నాం: సెంట్రల్ దగ్గర దిగాలా, టీ నగర్‌లోనా?

చీరాల చిన్నోడు:
అందరికీ నమస్తే. సంక్రాంతి వెళ్ళిన వారం చెన్నై వస్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, తొమ్మిదేళ్ళ పాప. మాలో ఎవరూ ఇంతవరకూ ఆ ఊరు చూడలేదు. శుక్రవారం తెల్లవారుజామున 5 ప్రాంతంలో సెంట్రల్‌లో దిగుతాం, సోమవారం రాత్రి తిరుగు రైలు. మాఘంలో చెల్లెలి పెళ్ళి ఉంది కాబట్టి పట్టుచీరలు కొనడం అసలు పని. అమ్మకేమో కపాలీశ్వరుడి గుడి, పార్థసారథి గుడి చూడాలని, పాపకి బీచ్, జూ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. మా బావ ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్)లో సముద్రం పక్కన రిసార్ట్ తీసుకోమంటాడు, ఆఫీసులో ఒకాయన సెంట్రల్ ఎదురుగా లాడ్జిలు చవక అంటాడు, యూట్యూబ్ పెడితే అందరూ టీ నగర్ అంటున్నారు. రోజుకి 2500 దాకా పెట్టగలం, నలుగురికీ ఒకే రూమ్ అయినా పర్లేదు. తమిళం ఒక్క ముక్క రాదు, ఆ టెన్షన్ ఒకటి. ఎక్కడ దిగితే బాగుంటుంది?

పెరంబూర్ పాతకాపు:
సెంట్రల్ ఎదురుగా వద్దు బ్రదర్. పెరియమేడు, వాల్‌టాక్స్ రోడ్ లాడ్జిలు రాత్రి రైలు దిగి పొద్దున ఇంకో రైలు ఎక్కేవాళ్ళకి సరిపోతాయి. ఆడవాళ్ళని, పాపని పెట్టుకుని నాలుగు రోజులు ఉండే చోటు కాదు, రాత్రంతా లారీల హారన్లు, పొద్దున్నే బయటికొస్తే టిఫిన్‌కి కూడా రద్దీ దాటుకుని పోవాలి. నన్నడిగితే ఎగ్మోర్. సెంట్రల్ నుంచి మెట్రోలో పక్క స్టేషనే, మెట్రో స్టేషన్లన్నిట్లో లిఫ్ట్ ఉంటుంది కాబట్టి అమ్మగారికి ఇబ్బంది లేదు. స్టేషన్ ఎదురుగా కెన్నెట్ లేన్‌లో లాడ్జిలు చాలా ఉన్నాయి, మీ బడ్జెట్‌లో ఏసీ రూమ్ వస్తుంది. పాంథియన్ రోడ్‌లో మ్యూజియం ఉంది, 1851లో పెట్టింది, మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడే ఉన్నాయి. గుంటూరు జిల్లావాళ్ళు కూడా చాలామంది వాటిని అక్కడే మొదటిసారి చూస్తారు, అదేం ఖర్మో.

ఒకసారి టికెట్ చూసుకోండి. స్టేషన్ కోడ్ ఎంఏఎస్ అని ఉంటేనే సెంట్రల్, ఎంఎస్ ఉంటే ఎగ్మోర్. మనవైపు నుంచి వచ్చే కొన్ని బండ్లు ఎగ్మోర్ మీదుగా పోతాయి, చార్మినార్ ఎక్స్‌ప్రెస్ అయితే తాంబరం దాకా వెళ్తుంది.

వెస్ట్ మాంబళం కోడలు:
మ్యూజియం శుక్రవారం సెలవు, ముందు అది రాసుకోండి. శనివారం పెట్టుకోండి.

ఎగ్మోర్ మంచి చోటే, కాదనను, కానీ ఆయన చీరల సంగతి మర్చిపోయారు. పెళ్ళి చీరలు ఒక్కపూటలో అయ్యే పని కాదండీ. పొద్దున ఒక షాపు, మధ్యాహ్నం భోజనం, మళ్ళీ ఇంకో షాపు, మధ్యలో సంచులు మోయడం, అత్తయ్యగారు కూర్చోడానికి కుర్చీ వెతకడం, పాపకి విసుగొచ్చి ఏడుపు. అలాంటప్పుడు పది నిమిషాల్లో రూమ్‌కి చేరగలిగితేనే ఆ రోజు గడుస్తుంది. అందుకే టీ నగరే. అయితే టీ నగర్‌లో ఎక్కడ అన్నది ముఖ్యం. ఉస్మాన్ రోడ్ మీద, రంగనాథన్ స్ట్రీట్ దగ్గర అసలు తీసుకోకండి, సాయంత్రం అయితే ఆటో కూడా లాడ్జి గుమ్మం దాకా రాదు, రద్దీ అటు చివర దింపేసి పోతాడు. వెంకటనారాయణ రోడ్డు, నందనం వైపు చూడండి. టీటీడీ వెంకటేశ్వరస్వామి గుడి ఆ రోడ్డులోనే ఉంది. సెంట్రల్ నుంచి నందనానికి మెట్రో బ్లూ లైన్‌లో నేరుగా వస్తుంది, మారక్కర్లేదు, అక్కణ్ణుంచి ఆటో. షాపులకి కూడా ఆటోలో కాసేపే. రెండో దశ మెట్రో పనుల వల్ల టీ నగర్‌లోని పనగల్ పార్క్ చుట్టుపక్కల, మైలాపూర్‌లో కొన్ని దారులు మళ్ళించారు, మ్యాప్ చూపించినదానికంటే కాస్త ఎక్కువ టైమ్ వేసుకోండి.

భాష గురించి దిగులే వద్దు. చీరల షాపుల్లో సేల్స్ వాళ్ళు మీరు నోరు తెరవకముందే తెలుగు మొదలుపెడతారు. అసలు టీ నగర్ పేరులోని త్యాగరాయ చెట్టిగారు తెలుగాయనే, పనగల్ పార్క్ పేరులోని పనగల్ రాజా కూడా మనాయనే.

అడయార్ నుంచి:
ఈసీఆర్ వద్దు. చీరలకి అంతదూరం నుంచి రోజూ రావడమా? మీ బావగారిని ఒకసారి అక్కణ్ణుంచి టీ నగర్‌కి శనివారం సాయంత్రం రమ్మనండి. సముద్రం కావాలంటే బీసెంట్ నగర్ బీచ్‌కి వెళ్ళండి, మెరీనా కంటే పాపతో కూర్చోడానికి హాయిగా ఉంటుంది. రెండు చోట్లా నీళ్ళలోకి మాత్రం దిగకండి, అలలు లాగేస్తాయి.

రిసెప్షన్ రాంబాబు:
నేను టీ నగర్‌లో ఒక లాడ్జిలో పనిచేస్తున్నాను, పేరు చెప్పను, మా దాంట్లోనే దిగమని అడగను కూడా. చిరునామా ఎంచుకోవడం సగం పనే, ఫోన్ చేసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

మీరు తెల్లవారి 5కి దిగుతున్నారు. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే చాలాచోట్ల చెక్‌ఇన్ మధ్యాహ్నం 12కి, అంతవరకూ సామాను కౌంటర్ దగ్గర పెట్టుకుని సోఫాలో కూర్చోవాల్సిందే, లేదా ఇంకో రోజు డబ్బులు కట్టాలి. ఇక్కడ చాలా లాడ్జిల్లో 24 గంటల చెకౌట్ పద్ధతి ఉంది, పొద్దున 6కి దిగితే మర్నాడు 6 వరకూ ఒక రోజు లెక్క. నేరుగా ఫోన్ చేసి అదే అడగండి. సోమవారం రాత్రి రైలు కాబట్టి చివరి రోజు ఎలా లెక్కేస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి, అక్కడే గొడవలొస్తాయి.

అమ్మగారి కోసం: "లిఫ్ట్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. "లిఫ్ట్ దాకా మెట్లున్నాయా" అని అడగండి. ఇక్కడి పాత బిల్డింగుల్లో కింద పార్కింగ్ వదిలి లాబీ పైకి కడతారు, రోడ్డు మీంచి ఆరేడు మెట్లు ఎక్కితేగానీ లిఫ్ట్ తలుపు కనపడదు, అది కూడా ముగ్గురు నిలబడితే నిండిపోతుంది. బాత్రూమ్‌లో వెస్టర్న్ ఉందో లేదో, వేడినీళ్ళు రోజంతా వస్తాయో పొద్దున కాసేపేనో. కిటికీ రోడ్డు వైపా, గోడ వైపా. నలుగురంటే అదనపు పరుపుకి ఎంతో. ఆధార్ పెద్దవాళ్ళందరివీ తెచ్చుకోండి.

చీరాల చిన్నోడు:
రాంబాబు గారూ, లిఫ్ట్ ముందు మెట్లు ఉంటాయని నాకు జన్మలో తట్టేది కాదు, థాంక్స్ అండీ. మా ఆవిడ చదివి నందనం వైపే ఖాయం చేసేసింది. అయితే జూ, గుళ్ళు అక్కణ్ణుంచి ఎలా? లోకల్ ట్రైన్ వాడొచ్చా?

వెస్ట్ మాంబళం కోడలు:
జూ వండలూరులో. టీ నగర్ పక్కనే ఉన్న మాంబళం స్టేషన్లో చెంగల్పట్టు లోకల్ ఎక్కితే నేరుగా వండలూరు. మంగళవారం సెలవు, మీకు సంబంధం లేదు. ఆదివారం మాత్రం జనం విరగబడతారు, సోమవారం పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయండి. మాంబళం స్టేషన్‌కి స్కైవాక్ కట్టారు, లిఫ్ట్ ఉంది, అయినా జూలో నడక ఎక్కువ, అత్తయ్యగారు ఆ పూట రూమ్‌లో ఉంటేనే మంచిది. గుళ్ళకి ట్రైన్ వద్దు, మైలాపూర్‌కి దిగాల్సిన తిరుమయిలై స్టేషన్ ప్లాట్‌ఫారం మేడంత ఎత్తు. ఆటో యాప్‌లో బుక్ చేసుకోండి, చేత్తో ఆపితే నోటికొచ్చిన రేటు చెప్తారు. గుళ్ళు మధ్యాహ్నం మూసేసి మళ్ళీ 4కి తెరుస్తారు, సాయంత్రం ముందు ట్రిప్లికేన్‌లో పార్థసారథి గుడి, తర్వాత మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి పెట్టుకోండి. ఆడవాళ్ళకి గులాబీ రంగు బస్సుల్లో టికెట్‌కి డబ్బులక్కర్లేదు, మనవైపు అడిగినట్టు ఆధార్ కూడా అడగరు.

పెరంబూర్ పాతకాపు:
సరే, చీరలుంటే ఓడిపోయాను. కానీ శుక్రవారం పొద్దున రూమ్ తొందరగా దొరక్కపోతే సెంట్రల్‌లోనే రిటైరింగ్ రూమ్ చూడండి, పీఎన్ఆర్ నంబర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ అవుతుంది. స్నానాలు కానిచ్చి 9 తర్వాత తీరిగ్గా నందనం వెళ్ళొచ్చు.

వెస్ట్ మాంబళం కోడలు:
ఇంకోటి. చీరలన్నీ శుక్రవారం, శనివారం మధ్యాహ్నంలోపు ముగించేయండి. బ్లౌజులు, ఫాల్స్ ఇక్కడే కుట్టిస్తామని షాపు వాళ్ళంటారు, ఒప్పుకోకండి, సోమవారం రాత్రి రైలుకి అందవు.