కోనసీమ నల్లమట్టిలో విమానం షెడ్డు: పునాది ఎలా వేయాలి?

అమలాపురం దగ్గర మా పొలంలో సెస్నా 172 అనే చిన్న విమానాన్ని నిలపడానికి హ్యాంగర్ (విమానం షెడ్డు) కట్టాలనుకుంటున్నాం. రెక్కల కొస నుంచి కొసకు 36 అడుగులు కాబట్టి తలుపు 42 అడుగులు అనుకున్నాం. అనుమతుల పని వేరుగా నడుస్తోంది.

నా భయమంతా నేల గురించే. వానాకాలంలో మూడడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. వేసవిలో ఇదే మట్టి నెర్రెలిచ్చి, నా చెయ్యి మణికట్టు దాకా దిగుతుంది. పశువుల కొట్టం గచ్చు రెండేళ్లకే పగిలింది. గ్రావెల్ తోలి మెరక చేస్తే చాలునా, స్తంభాల కింద అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి లోతుగా దించి, అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు దిమ్మెలు) తప్పవా? వాటికి విడిగా ఎంత ఖర్చవుతుంది?

1996 నవంబరు తుపానులో మా ఇంటి పెంకులు ఎగిరిపోవడం కళ్లారా చూశాను. తలుపు విరిగి గాలి లోపలికి చొరబడితే కప్పే లేచిపోతుంది. పక్కకు జరిపే తలుపు మేలా, పైకి మడిచేదా? ఇక్కడ పెద్ద రేకుల షెడ్లు కట్టించినవారు దయచేసి చెప్పండి.