ఘర్షణ 49 న్యూటన్లు ఎందుకు కాదు? డిగ్రీ మెకానిక్స్‌కి పునాది ఎక్కడ వేసుకోవాలి?

బీఎస్సీ ఫస్టియర్, శ్రీకాకుళం:
అందరికీ నమస్కారం. ఇంటర్ దాకా తెలుగు మీడియం ఎంపీసీ చదివాను. మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు డిగ్రీలో మెకానిక్స్ మొదలైంది. సూత్రాలు, ఉత్పాదనలు అప్పజెప్పమంటే చెప్పగలను గానీ, కొత్త లెక్క ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

మొన్న క్లాసులో ఇచ్చిన లెక్క ఇది. నేల మీద 10 కిలోల పెట్టె ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.5. పెట్టెను 20 న్యూటన్ల బలంతో క్షితిజ సమాంతరంగా లాగితే ఘర్షణ బలం ఎంత? చాలామందికి 0.5 × 10 × 9.8 కట్టి 49 న్యూటన్లు వచ్చింది. సార్ 20 అన్నారు, ఇంతలో బెల్లు కొట్టేశారు. 20 ఎలా వచ్చింది? ఇలాంటి సందేహాలు నాకు బోలెడు. మొదటి నుంచి గట్టిగా నేర్చుకోవాలంటే ఏ వరుసలో వెళ్లాలో చెప్పండి. ట్యూషన్‌కి వెళ్లే వీలు లేదు.

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
అమ్మా, ముందు నీ లెక్క చూద్దాం. ఏ వరుసలో వెళ్లాలన్నది అందులోంచే బయటికొస్తుంది.

49 సరైనదే అనుకో. పెట్టెను కుడివైపు 20 న్యూటన్లతో లాగుతున్నాం, ఘర్షణ ఎడమవైపు 49తో లాగుతోంది. అంటే ఎడమవైపు 29 న్యూటన్లు మిగిలాయి. 10 కిలోల పెట్టెకు 2.9 మీ/సె² త్వరణం వచ్చి, అది మనం లాగిన వైపు కాకుండా వెనక్కి పరిగెత్తాలి. అలా జరగడం ఎవరూ చూడలేదు కదా. 49 అనేది ఆ నేల ఇవ్వగల గరిష్ఠ ఘర్షణ. పెట్టె కదలకుండా ఉన్నంతసేపు నేల ఎంత అవసరమో అంతే ఇస్తుంది. 20తో లాగితే 20, 35తో లాగితే 35, అసలు లాగకపోతే సున్నా. 49 దాటించావంటే పెట్టె జారుతుంది, అప్పటి నుంచి గతిక ఘర్షణ లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ మీకు సూత్రం తెలుసు, గుణకారం సరిగానే చేశారు. పెట్టె కదులుతోందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోలేదు. ఇంటర్లో మనవాళ్లకి లెక్క చూడగానే సూత్రం వెతకడం అలవాటవుతుంది. నిమిషానికో బిట్టు పెట్టే ఎంట్రన్సు పరీక్షకి అది పనికొస్తుంది. డిగ్రీలో అడిగేది వేరు.

కాబట్టి రేపటి నుంచి ప్రతి లెక్కకీ ఇలా చెయ్యి. ఒక్క వస్తువును ఎంచుకో. దాని చుట్టూ గీత గీసి, దాన్ని తాకుతున్నవేమిటో చూడు. తాడు తాకుతోందా? తన్యత ఉంటుంది. నేల తాకుతోందా? అభిలంబ బలం, ఘర్షణ ఉండొచ్చు. తాకకుండా లాగేది ఈ లెక్కల్లో భూమి ఒక్కటే, అదే భారం. ప్రతి బాణం పక్కన ఆ బలాన్ని ఏ వస్తువు ప్రయోగిస్తోందో తెలుగులోనే రాయి. "తాడు పెట్టె మీద", "నేల పెట్టె మీద" అని. ఎవరు ప్రయోగిస్తున్నారో రాయలేకపోతే ఆ బాణం కొట్టెయ్యి. ద్రవ్యరాశి × త్వరణం అనే బాణం బొమ్మలో ఎక్కడా ఉండకూడదు. అది బలాలన్నీ కలిపితే వచ్చే ఫలితం, ఇంకో బలం కాదు. వృత్తాకార చలనంలో అభికేంద్ర బలం సంగతీ అంతే. రాయిని తాడుకు కట్టి గుండ్రంగా తిప్పితే ఆ పని చేసేది తాడు. మలుపులో బైకుకి ఆ పని చేసేది రోడ్డు ఘర్షణ. అభికేంద్ర బలమంటూ విడిగా ఇంకో బాణం రాదు.

స్వేచ్ఛా వస్తు పటం అని పుస్తకంలో ఒక పేజీలో చెప్పి వదిలేస్తారే, అది ఇదే. నా మాట విని ఒక నెల దీని మీదే కూర్చో. మిగతా మెకానిక్స్ అంతా దీని మీద నిలబడుతుంది.

బీఎస్సీ ఫస్టియర్, శ్రీకాకుళం:
సార్, చాలా థ్యాంక్స్. ఇప్పుడు అర్థమైంది. ఇంకొకటి. చర్యకు ప్రతిచర్య సమానం, వ్యతిరేకం అంటారు కదా. ఎద్దులు బండిని ఎంత బలంతో లాగితే బండి ఎద్దుల్ని అంతే బలంతో వెనక్కి లాగుతుంది. రెండూ కొట్టుకుపోవాలి కదా? మరి బండి ఎలా కదులుతోంది?

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
ఇందాక చెప్పినట్టు ఒక్క వస్తువునే తీసుకో. బండి 400 కిలోలు. దాన్ని ఎద్దులు 300 న్యూటన్లతో ముందుకు లాగుతున్నాయి, రోడ్డు నిరోధం 200 వెనక్కి. మిగిలింది 100. త్వరణం 0.25 మీ/సె². బండి ఎద్దుల్ని వెనక్కి లాగే 300 ఈ బొమ్మలో లేదు చూడు. అది ఎద్దుల మీద పనిచేసే బలం, ఎద్దుల బొమ్మలో ఉంటుంది. రెండు బలాలు కొట్టుకుపోవాలంటే రెండూ ఒకే వస్తువు మీద ఉండాలి. చర్య, ప్రతిచర్య ఎప్పుడూ వేరువేరు వస్తువుల మీదే ఉంటాయి.

ఇప్పుడు ఎద్దుల బొమ్మ. రెండూ కలిపి 800 కిలోలు అనుకో. బండి వాటిని 300తో వెనక్కి లాగుతోంది. అవి కూడా 0.25 త్వరణంతోనే నడవాలి, అంటే ముందుకి 200 మిగలాలి. కాబట్టి నేల వాటిని 500 న్యూటన్లతో ముందుకు తోయాలి. గిట్టలు నేలను వెనక్కి తన్నుతాయి, నేల వాటిని ముందుకు తోస్తుంది. సరిచూసుకో: ఎద్దులు, బండి కలిపి 1200 కిలోలు. బయటి నుంచి వచ్చే బలం 500 − 200 = 300. త్వరణం 0.25. సరిపోయింది. బురదలో బండి దిగబడినప్పుడు ఎద్దులకు బలం ఉన్నా లాగలేకపోవడం చూసే ఉంటావు. నేల 500 ఇవ్వలేకపోతే అదే జరుగుతుంది.

ఇంకో మాట. టేబుల్ మీద పుస్తకం ఉంటే దాని భారం, టేబుల్ ఇచ్చే అభిలంబ బలం చర్య ప్రతిచర్యల జత కాదు. రెండూ పుస్తకం మీదే ఉన్నాయి. భారానికి జత పుస్తకం భూమిని పైకి లాగే బలం. ఇది చాలామంది లెక్చరర్లు కూడా తప్పుగా చెబుతారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

టీచింగ్ అసిస్టెంట్, అమెరికా:
చెల్లీ, నేను ఇక్కడ ఫస్టియర్ పిల్లలకి ఫిజిక్స్ లెక్కల క్లాసు చూస్తుంటాను. నువ్వడిగిన రెండు ప్రశ్నలూ ఇక్కడి పిల్లలూ అడుగుతారు. తెలుగు మీడియం వల్ల అనుకోకు.

బలం, త్వరణం గురించి విద్యార్థుల అవగాహనను పరీక్షించడానికి 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అని ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. లెక్కలేమీ ఉండవు, బొమ్మలు, మాటలే. 1998లో రిచర్డ్ హేక్ అనే ఆయన 62 కోర్సుల్లోని 6,542 మంది ఫలితాలు కలిపి చూశారు. లెక్చర్ వింటూ కూర్చున్న తరగతులు, అంతకుముందు తమకు తెలియనిదాంట్లో సగటున 23 శాతం మాత్రమే నేర్చుకున్నాయి. క్లాసులోనే పక్కవాళ్లతో వాదించుకుంటూ, ఊహించి సరిచూసుకుంటూ చదివిన తరగతులు 48 శాతం నేర్చుకున్నాయి. అందుకని హాస్టల్లో ఇద్దరు ముగ్గురిని పోగెయ్యి. ఒకే లెక్కకి ఎవరి బొమ్మ వాళ్లు గీసి, తర్వాత ఒకరివి ఒకరు చూసుకోండి. బాణాలు ఎక్కడ తేడా వచ్చాయో అక్కడే వాదించుకోండి. జవాబు కోసం పుస్తకం వెనక పేజీ ముందే తిప్పొద్దు.

ఫోన్ ఉంటే ఫైఫాక్స్ యాప్ వేసుకో. జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, ఉచితం. త్వరణం కొలిచే భాగాల్లో "విత్ జి" అని ఉన్నది తెరిచి ఫోన్ టేబుల్ మీద పెడితే సుమారు 9.8 చూపిస్తుంది. ఫోన్ కదలట్లేదు, మరి 9.8 ఎందుకు? దాన్నే ఒక అడుగు ఎత్తు నుంచి మెత్తటి పరుపు మీదికి వదిలితే, పడుతున్నంతసేపు సున్నా దగ్గర్లో చూపిస్తుంది. లోపలి సెన్సారుకి తెలిసేది తనను తోస్తున్న బలమే, భూమి లాగడం దానికి తెలియదు. లిఫ్టు 1.2 మీ/సె² త్వరణంతో పైకి బయల్దేరితే 60 కిలోల మనిషి మీద నేల 60 × (9.8 + 1.2) = 660 న్యూటన్లు ఇవ్వాలి. కాళ్ల కింద తూకం మిషన్ ఉంటే సుమారు 67 కిలోలు చూపిస్తుంది. అభిలంబ బలం ప్రతిసారీ భారానికి సమానంగానే ఉండాలని లేదని దీంతో మనసులో నాటుకుంటుంది.

బీటెక్ ఫస్టియర్, వరంగల్:
నాదీ ఇదే పరిస్థితి. కానీ మా సీనియర్లు ముందు కాల్కులస్ మొత్తం పూర్తి చెయ్యి, తర్వాతే ఫిజిక్స్ ముట్టుకో అంటున్నారు. నిజమేనా మాస్టారూ?

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
నేను ఒప్పుకోను, నాయనా. అలా మొదలుపెట్టినవాళ్లు సమాకలనం పద్ధతుల్లో కూరుకుపోయి ఫిజిక్స్ దాకా రారు. అయితే ఆ సలహా ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. ఫస్టియర్ ఇంటర్ ఫిజిక్స్‌లో సరళరేఖా చలనం మొదట్లోనే వస్తుంది. మీరు చదివిన వన్‌బీ లెక్కల్లో అవకలనం చివర్లో వచ్చింది. ఫిజిక్స్ సారుకి కావలసిన పనిముట్టు లెక్కల సారు ఇంకా ఇవ్వలేదన్నమాట. అందుకే వేగం అంటే స్థానం మారే రేటు అన్నది బుర్రకెక్కకుండానే మూడు చలన సమీకరణాలు కంఠస్థం అయిపోయాయి.

ఆ మూడూ త్వరణం స్థిరంగా ఉంటేనే చెల్లుతాయి. ఈ ఉదాహరణ చూడు. పడవ 6 మీ/సె వేగంతో పోతూ ఉండగా మోటారు ఆపేశారు. నీటి నిరోధం వేగానికి అనులోమానుపాతంలో ఉందనుకుందాం: రుణత్వరణం = 0.5 × వేగం. ఆగేలోపు ఎంత దూరం పోతుంది? మొదటి క్షణంలో రుణత్వరణం 3. దాన్నే స్థిరమనుకుని సూత్రంలో వేస్తే 36 ÷ 6 = 6 మీటర్లు వస్తుంది. అది తప్పు. వేగం తగ్గేకొద్దీ నిరోధమూ తగ్గిపోతోంది కదా. త్వరణాన్ని వి డివి బై డిఎక్స్ అని రాయి. అది −0.5 వికి సమానం. రెండువైపులా వి పోయింది. మిగిలిందేమిటి? డివి బై డిఎక్స్ = −0.5. అంటే పడవ జరిగిన ప్రతి మీటరుకీ వేగం అర మీటరు చొప్పున తగ్గుతోంది. 6 మొత్తం తగ్గాలంటే 12 మీటర్లు. ఇక్కడ నువ్వు వాడిన కాల్కులస్ ఒక్క లైను. అవకలనం అంటే రేటు, సమాకలనం అంటే చిన్నచిన్న ముక్కల కూడిక, ఈ రెండూ తెలిస్తే ఫిజిక్స్ మొదలుపెట్టెయ్యి. మిగతావి అవసరం వచ్చినప్పుడు నేర్చుకోవచ్చు.

జవాబు వచ్చాక దాన్ని ప్రశ్నించడం కూడా అలవాటు చేసుకోండి. కప్పీకి రెండువైపులా 3 కిలోలు, 2 కిలోలు వేలాడదీస్తే త్వరణం 1.96 మీ/సె², తన్యత 23.52 న్యూటన్లు వస్తుంది. తన్యత 19.6 కంటే ఎక్కువ, 29.4 కంటే తక్కువ ఉండి తీరాలి. లేకపోతే తేలికది పైకి పోదు, బరువుది కిందికి దిగదు. రెండూ సమానమైతే త్వరణం సున్నా అవుతోందా? ఒకవైపు ఏమీ లేకపోతే 9.8 అవుతోందా? ప్రమాణాలు సరిపోయాయా? ఈ మూడూ చూడటానికి నిమిషం పట్టదు.

వరుస అడిగావు కదమ్మా: సదిశలు, బొమ్మలతో న్యూటన్ నియమాలు, ఆ తర్వాత పని–శక్తి, ద్రవ్యవేగం, భ్రమణం, డోలనాలు. భ్రమణం దగ్గర తొందరపడకు. మొదటి రెండూ గట్టిపడితే శక్తి అధ్యాయం హాయిగా సాగుతుంది. పాఠాలు వినడానికి స్వయం, ఎన్‌పీటెల్ ఉన్నాయి, చదవడానికి ఓపెన్‌స్టాక్స్ వారి ఉచిత పుస్తకాలు ఉన్నాయి. ఏదో ఒక్కటి పట్టుకో, అన్నీ ఒకేసారి తెరవకు.

బీఎస్సీ ఫస్టియర్, శ్రీకాకుళం:
సార్, మీరు చెప్పినట్టు ఒకటి చేసి చూశాను. నునుపైన టేబుల్ మీద 3 కిలోల దిమ్మె, దాని మీద 2 కిలోల దిమ్మె. కిందిదాన్ని 10 న్యూటన్లతో కుడివైపు లాగుతున్నారు, రెండూ కలిసి కదులుతున్నాయి. త్వరణం 2 వచ్చింది. పై దిమ్మె బొమ్మలో ఘర్షణ ఎడమవైపు వేశాను, చలనాన్ని వ్యతిరేకిస్తుంది కాబట్టి. కానీ అప్పుడు దాన్ని కుడివైపు తోసేది ఎవరో రాయలేకపోతున్నాను.

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
రాయలేకపోవడమే నీకు దారి చూపిస్తోందమ్మా. పై దిమ్మెను అడ్డంగా తోయగలిగేది కింది దిమ్మె ఒక్కటే. కాబట్టి ఘర్షణ కుడివైపే ఉంది, విలువ 2 × 2 = 4 న్యూటన్లు. ఘర్షణ వ్యతిరేకించేది చలనాన్ని కాదు, రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారడాన్ని.

ఇప్పుడు అదే 10 న్యూటన్లు పై దిమ్మె మీద పెట్టు. రెండు సందర్భాల్లోనూ స్థైతిక ఘర్షణ గుణకం 0.25 తీసుకో. రెండూ కలిసి కదులుతాయా?

బీఎస్సీ ఫస్టియర్, శ్రీకాకుళం:
గరిష్ఠ ఘర్షణ 0.25 × 2 × 9.8 = 4.9. కిందిదాన్ని లాగినప్పుడు 4 చాలు, కలిసి పోతాయి. పైదాన్ని లాగితే కింది దిమ్మెకు 3 × 2 = 6 కావాలి. 4.9 మించి రాదు. జారిపోతుంది సార్!

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
అద్భుతం. జారడం మొదలయ్యాక గతిక ఘర్షణ గుణకం 0.2 అనుకుని రెండింటి త్వరణాలూ కట్టు.

బీఎస్సీ ఫస్టియర్, శ్రీకాకుళం:
ఘర్షణ 3.92. పైదానికి (10 − 3.92) ÷ 2 = 3.04, కిందిదానికి 3.92 ÷ 3 = 1.31. పైది ముందుకు జారుతోంది కాబట్టి దాని త్వరణమే ఎక్కువ ఉండాలి, ఉంది.

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
రెండూ సరే. రేపు ఇదే జతను 30 డిగ్రీల వాలు తలం మీద పెట్టి చెయ్యి. బొమ్మలు ఫోటో తీసి ఇక్కడే పెట్టు, చూస్తాను.